జాయింటులో అర గోరు సందు

కొందరు కుర్రాళ్ల జేబులో దువ్వెన ఉంటుంది. సన్నీ జేబులో వెర్నియర్ కాలిపర్ ఉంటుంది.

మేడ్చల్‌లో వాల్వులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో అతను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. వచ్చిన ప్రతి ముక్కనీ కొలిచి, తేడా ఉంటే ఎర్ర చీటీ అంటించడం ఉద్యోగం. ఆదివారాలు శామీర్‌పేట చెరువు గట్టున చేపలు పట్టడం సరదా. చేపలకి మాత్రం అతనంటే అంత సరదా లేదు.

ఆ ఆదివారం అతను చెరువు దారిలో ఉన్న భిక్షం గాలాల షాపులోకి ఫిషింగ్ రాడ్ పట్టుకుని విసురుగా వచ్చాడు. రెండు ముక్కల రాడ్ అది. జాయింటు వదులైందని వారం కిందట రిపేరుకి ఇచ్చాడు. బాగుచేసి ఇచ్చారు గానీ, బిగించాక రెండు ముక్కల మధ్య అర గోరంత సందు మిగిలింది.

"కాకా, గిది చూడు. నాలుగు పాయింట్ రెండు మిల్లీమీటర్ల గ్యాప్. మా దగ్గరైతే సీదా చెత్తలకే పోతది."

భిక్షం కళ్లద్దాలు సర్దుకుని ముందు రాడ్ వంక, తర్వాత వెనకున్న తెర వంక చూశాడు. గాలాలూ నైలాన్ దారాలూ అమ్మడంలో ఆయనకి ఎదురులేదు. రిపేరు మాట వస్తే మాత్రం ఆయన కళ్లు ఎందుకో తెర వైపు పోతాయి.

"ప్రాబ్లం ఏందంటే కాకా," సన్నీ విడమరిచి చెప్పాడు, "ఫీమేల్ లూజున్నది. మేల్ లోపటికి పూరాగ..."

తెర వెనక ఏదో కిందపడింది. అక్కడ ఒక ఆడపిల్ల ఉందని సన్నీకి అప్పుడు తెలిసింది. ఫ్యాక్టరీలో జాయింటు ముక్కల గురించి రోజుకి నలభైసార్లు అనే మాట గొంతులో సగానే ఆగిపోయింది.

"నాయినా," అంది తెర వెనక గొంతు, తొణక్కుండా. "ఆ సందు కావాల్ననే ఉంచిర్రని చెప్పు. సందు ఉన్నన్ని రోజులే బిగువు. అది మూసుకపోయిందంటే లోపటి ముక్క అరిగినట్టు."

"కావాల్ననే ఉంచిన," అన్నాడు భిక్షం.

లోపల ఎవరని అడిగితే తన బిడ్డ యమున అనీ, టీవీ చూస్తోందనీ చెప్పాడు. టీవీలో అలాంటి సంగతులు ఏ ఛానల్ చెబుతుందో సన్నీ ఆలోచించలేదు. సూరారంలో ఇంటికి పోయి, సాండ్‌పేపర్ తీసి, జాయింటు లోపలికి దూరే ముక్కని గంటసేపు ఓపిగ్గా రుద్దాడు. సందు మాయమైంది. గోరు కాదు, వెంట్రుక కూడా పట్టదు. అతనికి మహా తృప్తిగా అనిపించింది.

మరుసటి ఆదివారం మొదటి విసురుకే రాడ్ పై ముక్క ఊడి, గాలం వెంట చెరువులోకి ఎగిరిపోయింది. దారం దాని రింగుల్లోంచి పోతుంది కాబట్టి, అది దారం మీదే జారి గాలం దగ్గర ఆగింది. సన్నీ రీలు తిప్పి తిప్పి తన రాడ్ సగాన్ని తనే ఒడ్డుకు లాక్కున్నాడు. ఆ రోజు అతని గాలానికి పడింది అదొక్కటే.

గట్టు మీద చేపలు వేయించి అమ్మే సాలమ్మ ఇదంతా చూసింది. ఆమె భిక్షానికి స్వయానా అక్క.

"ఎంత తూగుతది బిడ్డా? వేపాల్నా?" అంది.

రాయికి తగిలి రాడ్ కొస రింగు కూడా పోయింది. సన్నీ మళ్లీ షాపుకి పోక తప్పలేదు.

భిక్షం ఊళ్లో లేడు. వెలుతురు కోసం తెర పక్కకి లాగి ఉంది. బల్ల ముందు యమున కూర్చుని, ఎవరిదో రాడ్ మీద సన్నటి దారం చుడుతోంది. చుట్టు పక్కన చుట్టు, అచ్చు మెషీన్ చుట్టినట్టే. ఆమె ముందు సన్నీ చేతిలోని రాడ్‌ని చూసింది, ఆ తర్వాత సన్నీని. రెండు చూపుల్లో మొదటిదే జాలిగా ఉంది.

"సాండ్‌పేపర్ పెట్టిర్రు కద?"

"పెట్టిన."

"సందు పోయిందా?"

"పోయింది."

"దానెంబడి రాడ్ గూడ పోయింది."

ఆమె పై ముక్క అడుగున బోలుగా ఉన్న చివరని సన్న రంపంతో కొద్దిగా కోసి, అంచు చీలకుండా దారం బిగించి చుట్టింది. లోపలికి దూరే ముక్కకి కొవ్వొత్తి మైనం రాసింది. బిగించి చూపించింది. మళ్లీ అర గోరు సందు. తర్వాత జిగురు కడ్డీని మంట మీద కరిగించి కొత్త కొస రింగు అతికించింది. ఎన్నడూ ఊడని గట్టి జిగురు దొరుకుతుంది కదా, అది వాడొచ్చుగా అన్నాడు సన్నీ, తెలిసినవాడిలా.

"రేపు ఈ రింగు గూడ పలుగుతది. అప్పుడు ఊడదియ్యాలె కద. ఊడరాకుంట అతికిస్తే కొస మొత్తం కోసెయ్యాలె. గిదైతే జర వేడి చూపిస్తే చాలు."

బయట వాన మొదలైంది. ఐదు నిమిషాల్లో వెలిసింది. సన్నీకి అది వెలిసినట్టు తెలియడానికి ఇంకో నలభై నిమిషాలు పట్టింది. ఈలోపు అతను ఆమె చేతుల్ని చూశాడు. భిక్షం చేతిలో చాయ్ ఎప్పుడూ సగం సాసర్లోకే ఎందుకు పోతుందో అర్థమైంది.

"రిపేర్లన్నీ మీరే చేస్తర, కాకా కాదా?"

మూడేళ్లుగా నాయన చెయ్యి వణుకుతోందని ఆమె చెప్పింది. సిటీ నుంచి వచ్చేవాళ్లు అంత ఖరీదైన రాడ్లు ఆడపిల్ల చేతికి ఇస్తారో ఇవ్వరో అని, చేసేది తనేనని ఆయన చెప్పుకున్నాడట. ఎవరితోనూ అనొద్దంది. కాకా ఎక్కడికి పోయాడని అడిగితే, రేపు ఎండ కాస్తుందని చెప్పినంత మామూలుగా, కీసరకి సంబంధం మాట్లాడటానికని చెప్పింది. పిల్లవాడికి ప్లాట్ల బిజినెస్. వాళ్లకి ఒకటే పట్టింపు, పెళ్లయ్యాక పిల్ల షాపులో కూర్చోకూడదు.

"నాయిన సరే అన్నడు. అనకేం జేస్తడు? నేను ఈడ టీవే కద చూస్తున్న."

ఆమె రంపాన్ని తుడిచి దాని చోట పెట్టింది. పెట్టాక కూడా చెయ్యి కాసేపు దాని మీదే ఉంచింది.

ఆ తర్వాత ఫ్యాక్టరీలో సన్నీకి తెలిసినవాళ్ల రాడ్లన్నీ ఒక్కొక్కటిగా వదులవసాగాయి. చెరువు మొహం చూడని ఫ్యాక్టరీ మేనేజరు జానకిరామయ్య సారు కూడా, తనకి తెలియకుండానే, ఒక రాడ్‌కి యజమాని అయ్యాడు. భిక్షం సంతోషించాడు. యమున మాత్రం, జానకిరామయ్య సారు ఏ చేపలు పడతారని ఒకసారి అడిగింది. సన్నీ ఆలోచించి, పులుసు చేపలన్నాడు.

ఇంతలో మేడ్చల్ నుంచి గఫూర్ వచ్చాడు. ఇరవయ్యేళ్ల పాత కస్టమర్. రాడ్ భిక్షం చేతికి ఇవ్వలేదు.

"జర నీ బిడ్డను పిలువు భాయ్. చేసేది ఆమెనట కద."

భిక్షం లేచి ఇంట్లోకి పోయాడు. ఆ పూట అన్నం తినలేదు.

ఇంటి బయట సంగతి తెలిసింది ఒక్కడికే కాబట్టి యమున ఎక్కువ ఆలోచించలేదు. సన్నీ రాగానే జానకిరామయ్య సారు రాడ్ తీసి బల్ల మీద పెట్టింది. "పట్టుకపోండ్రి. మైనం రాడ్‌కు కాదు, మీ నోటికి రాయాల్సుండె." తను అనలేదని అతను రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పడానికి ఆమె అక్కడ లేదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు అతను శామీర్‌పేట రాలేదు. ఫ్యాక్టరీలో ఆ రెండు వారాలూ ఎర్ర చీటీలు చాలా ఖర్చయ్యాయట.

కీసరవాళ్లు ఒక బుధవారం వచ్చారు. పిల్లవాడి తల్లి మిక్చర్ తింటూ, షాపులో రిపేర్లు పిల్లే చేస్తుందని ఊరంతా అనుకుంటున్నారు, అది అబద్ధమే కదా అని అడిగింది. ఔనని ఒక్క మాట అంటే సంబంధం ఖాయం. యమున తలెత్తలేదు. సాలమ్మ గడప దగ్గర కూర్చుని తమ్ముడి వంకే చూసింది.

భిక్షం చాయ్ కప్పు ఎత్తాడు. ఎప్పుడూ రెండు చేతులతో పట్టుకునేవాడు, ఆ రోజు ఒక్క చేత్తోనే ఎత్తాడు. చాయ్ చొక్కా మీద ఒలికింది.

"ఇగో, గిది నా చెయ్యి," అన్నాడు. "మూడేండ్ల సంది సూదిల దారం ఎక్కియ్యలే. చేసేది నా బిడ్డనే. పేరే నేను తీస్కున్న. పెండ్లైనంక గూడ ఆమె చేస్తది. మీకు కుదరకుంటే ఫర్వాలే, చాయ్ అయితే తాగిపోండ్రి."

వాళ్లు చాయ్ తాగి పోయారు.

బండి మలుపు తిరిగాక సాలమ్మ గొంతు సవరించుకుంది. రిపేర్లు చేసేది యమునేనని చేపలు తిన్నవాళ్లందరికీ చెప్పింది తనేనట. ప్లాట్లు అమ్మేవాడి ఇంటికి పోయి పిల్ల గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం తనకి ఇష్టం లేదట. "ఆ పిలగాన్ని ఊకెనే తిట్టినవ్," అంది, తనకేం సంబంధం లేనట్టు.

యమున ఫోన్ చేసింది. రాడ్ ఒకటి వదులు చేసుకుని రమ్మంది. ఏ రాడూ లేదన్నాడు సన్నీ. ఉత్త చేతులతోనే రమ్మంది.

అతను వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. అనుకున్న మాటలన్నీ వదిలేసి ఇంకేదో మొదలుపెట్టాడు.

"మేడ్చల్‌ల ఒక ఇల్లు కిరాయికి చూసిన. ఆడికెల్లి నా ఫ్యాక్టరీకి ఎనిమిది నిమిషాలు. నీ షాపుకు పద్దెనిమిది. మూడు రోజులు బండి మీద తిరిగిన. ట్రాఫిక్ ఉంటే ఇరవై రెండు."

"ఎవరి షాపుకు?"

"నీ షాపుకు."

యమున మొహం పక్కకి తిప్పుకుంది. అది నవ్వు దాచుకోవడానికని సన్నీకి కొలవకుండానే తెలిసింది.

పది రోజులకి సన్నీ తల్లి నాగమణి పిల్లని చూడటానికి వచ్చింది. సాలమ్మ ఆమెని ఇంటిపేరు అడిగింది, పుట్టిన ఊరు అడిగింది, మూడో ప్రశ్నకి చుట్టరికం తేలిపోయింది. పలహారాలయ్యాయి. అప్పుడు నాగమణి కాస్త ముందుకి జరిగి, "ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు," అంది.

భిక్షం నిటారుగా కూర్చున్నాడు. యమునకి తెలుసు, ఇలా మొదలయ్యే మాటలు ఎక్కడ తేలుతాయో. సన్నీ తల్లి వంక భయంగా చూశాడు.

నాగమణి పక్కనున్న గుడ్డ సంచిలోంచి ప్రెషర్ కుక్కర్ మూత తీసి ఒళ్లో పెట్టుకుంది.

"దీని పిడి ఏడాది సంది ఊగుతాంది. ఇంట్ల ఇన్‌స్పెక్టర్ ఉన్నడు గని, చూసి వదులైందని చెప్తడు, బాగు మాత్రం చెయ్యడు. నీతోని అయితదా బిడ్డా?"

యమున పట్టుచీర కొంగు సర్దుకుని మూత అందుకుంది. పిడిని అటూ ఇటూ ఊపి, వెలుతురుకి ఎత్తి చూసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"మరలు అరిగినయి. ఇంకో సైజు స్క్రూ వెయ్యాలె," అంది. "గురువారం రాండ్రి."

పెళ్లిచూపుల్లో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పింది పెళ్లికూతురే కావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. నాగమణి సంచి మడిచి చంకలో పెట్టుకుంటూ, పొద్దున రావాల్నా పగటీలి రావాల్నా అని అడిగింది.