దాత శేషయ్య, నంద్యాల

అదిగో బస్సు!

శిరివెళ్ల దాటగానే కనిపిస్తుంది. వెనక కిటికీలో తెల్ల జుట్టు... ఒళ్లో సంచి!

ఓబులేసు బైక్ యాక్సిలరేటర్‌ను చివరిదాకా తిప్పుతాడు.

మిట్టమధ్యాహ్నం. హైవే మీద ఎండ సలసల కాగుతోంది. హెల్మెట్‌లో చెమట కళ్లలోకి దిగుతోంది.

ఒక ముసలిది. ఒక సంచి. సంచిలో ఒక స్టీలు ప్లేటు.

ఇంతే! దీనికోసం తను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, ఆళ్లగడ్డ నుంచి మళ్లీ వెనక్కి... గాడిదలా తిరగాలి.

థూ!

ఈ రోజు ఫ్యాక్టరీలో ఉండాల్సినవాడు తను. ఢిల్లీ నుంచి ఆఫీసర్లు వచ్చి కూర్చున్నారు. కొన్ని దేశాల ప్రభుత్వాలు సబ్సిడీ ఇచ్చి స్టీలు సామాన్లు చవగ్గా చేయించి మన మీదికి తోస్తున్నాయని ఐదేళ్ల కిందట సర్కారు అదనపు సుంకం వేసింది. ఇప్పుడు సమీక్ష.

సుంకం ఉంచాలా... ఎత్తేయాలా?

ఎత్తేయమని రాసిచ్చినవాడు ఓబులేసు యజమాని శేషయ్య. 'నా ప్లేట్లన్నీ నంద్యాలలోనే తయారవుతాయి. విదేశీ ప్లేటు ఒక్కటి కూడా నా గడప తొక్కలేదు' అని సంతకం పెట్టాడు.

పచ్చి అబద్ధం!

ఓబులేసు వేళ్లనడిగితే చెబుతాయి. విదేశీ స్టిక్కర్లను కిరోసిన్ గుడ్డతో పీకీ పీకీ చర్మం ఊడిన వేళ్లు. ఫ్యాక్టరీలో ఆ పని చేసింది తనొక్కడే. ఇంకెవరినీ నమ్మడు శేషయ్య. పిరికి పంది!

సుంకం పోతే శేషయ్యకు ఓడల కొద్దీ ప్లేట్లు దిగుతాయి. ఆళ్లగడ్డలో ప్లేట్లు చేసే షెడ్డుకు తాళం పడుతుంది. ముప్పై మంది ఆడవాళ్ల పొట్ట కొట్టినట్టే. అందులో ఒకతి ఈ కృపమ్మ. గిన్నెల మీద మిషన్‌తో చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టేది.

పొద్దున షెడ్డు ముందు నిలబడి అరిచిందట.

"శేషయ్య తెప్పించిన విదేశీ ప్లేటు నా కాడ ఉండాది! ఆఫీసరమ్మకు చూపిస్తా!"

బజారంతా వినేట్టు! రహస్యం దాచుకోవడం కూడా రాని మొద్దు. ఐదు నిమిషాల్లో శేషయ్యకు ఫోన్ వచ్చింది.

"ఆ ప్లేటు మేడమ్ కంట పడిందో, నీ తోలు వలుస్తా! పో రా!"

వచ్చాడు.

బస్సు ఆగుతుంది. ముసలిది దిగుతోంది! ఊరూ లేదు, స్టాపూ లేదు. ఎందుకు దిగుతోంది?

ఒక ఆటో వచ్చి ఆగుతుంది. ఎక్కేస్తుంది. ఆటో సర్రున పక్క రోడ్డులోకి తిరుగుతుంది.

ఓబులేసుకు నవ్వొస్తుంది. నంద్యాల ఎదురుగా ఉంటే పొలాల్లోకి పోతోంది! దారి కూడా తెలియదు దీనికి. దీనికి ఢిల్లీ ఆఫీసర్లు కావాలట!

మిరప చేలు... దుమ్ము... ట్రాక్టర్ అడ్డం! ఆటో సందులోంచి దూరిపోతుంది. బైక్ గట్టు ఎక్కి, జారి, పడబోయి...

నిలదొక్కుకుంటుంది!

కేసీ కాలువ వంతెన. ఆటో దానంతటదే ఆగిపోయి ఉంది. ఓబులేసు బైక్‌ను దాని మూతికి అడ్డం పెడతాడు.

"యాడికి పెద్దమ్మా, అంత బేగా?"

కృపమ్మ మెల్లగా దిగుతుంది.

"నంద్యాలకప్పా."

"నంద్యాల ఆ పక్క. ఈడుండేది కాలువ."

"అట్లనా! ఏం ఫ్రాన్సిసూ, చెప్పవేందప్పా?"

ఆటో ఫ్రాన్సిస్ ఆవలిస్తాడు. "నువ్వు చూపిచ్చిన దారే కదత్తా."

"టైమెంతయింది ఓబులేసూ?"

"ఒకటింబావు. ఏం, ముహూర్తం పెట్టుకున్నావా?"

"ఆకలైతాందిలేప్పా."

సంచి లాగేస్తాడు. పెనుగులాట లేదు. అంత సులభంగా వదిలేసింది! లోపల ప్లేటు. వెనక్కి తిప్పుతాడు.

విదేశీ కంపెనీ ముద్ర. లేజర్‌తో చెక్కిన గుండ్రటి ముద్ర. దాని పక్కనే చుక్కల అక్షరాలు.

'దాత: శేషయ్య, నంద్యాల.' కింద రెండేళ్ల కిందటి తేదీ.

ఓహో... ఆళ్లగడ్డ చర్చికిచ్చిన ప్లేటు!

రెండేళ్ల కిందట ప్రేమవిందులకని రెండొందల ప్లేట్లు దానం చేశాడు శేషయ్య. అమ్మే ప్లేట్ల మీది ముద్రను మిషన్ మీద అరగదీసేవాడు ఓబులేసు. వీటికి మాత్రం శేషయ్య వద్దన్నాడు. 'ఊరికే ఇచ్చేదానికి కరెంటు దండగ రా. దానం ప్లేటు వెనక ఎవుడు చూస్తాడు?'

పేరు దగ్గర మాత్రం పిసినారితనం లేదు. పైన ఒకసారి, కింద ఒకసారి కొట్టించాడు. 'తినేవాడూ చదవాల, తోమేదీ చదవాల!'

కొట్టింది ఈ కృపమ్మే.

"చర్చిలో దొంగతనం చేసినావా పెద్దమ్మా?"

"అడిగి తెచ్చుకున్యా."

ఓబులేసు చెయ్యి విసురుతాడు. ప్లేటు ఎండలో ఒక్కసారి తళుక్కుమంటుంది... బుడుంగ్!

కాలువ మింగేస్తుంది.

"అయిపాయ. షెడ్డుకు పోయి పేర్లు కొట్టుకోపో. ఉన్నన్ని దినాలు."

ఏడవాలి. కాళ్లు పట్టుకోవాలి. కృపమ్మ వంతెన గోడ మీద కూర్చుంటుంది. సీసా మూత తీసి నీళ్లు తాగుతుంది. మూతి తుడుచుకుంటుంది.

"టైమెంతప్పా?"

"ఒకటీ ఇరవై! ఎన్నిసార్లు అడుగుతావు?"

"సరిపాయలే."

ఏం సరిపోయింది?

ఫోన్ మోగుతుంది. శేషయ్య!

"అన్నా, పని అయిపాయ. కాలువలో పడేస్తి."

"భలే రా! బేగా రా, అన్నం తిందువు. ఈడ అందరూ తినేసినారు. ఫ్యాక్టరీ నిండుగా కనపడాలని పిలిపించిన కూలోళ్లు కూడా! మేడమ్ మాత్రం మా అన్నం ముట్టలే, డబ్బా తెచ్చుకుంది. పెద్ద హరిశ్చంద్రుని కూతురు! కానీ పేరు మాత్రం చదువుతాంది రా!"

"పేరేందన్నా?"

"నా పేరే! ఆ వంట చేసే జెస్సీ లేదూ, విస్తరాకులు చాల్లేదని యాడ్నో ప్లేట్లు అడుక్కొచ్చింది. చూస్తే అన్నిట్లో నా పేరే! నేనిచ్చిన దానం నా ఫ్యాక్టరీకే..."

ఓబులేసు ఫోన్‌లోకి అరుస్తాడు.

"అన్నా! ఆ ప్లేట్లు లోపల పెట్టించు! ఇప్పుడే!"

"ఎందుకు రా? తోమి ఎండకు పెట్టినారు. మేడమ్ కుర్చీ ముందరే... వరసగా బోర్లించి..."

బోర్లించి!

తోమిన ప్లేటును ఎవరైనా బోర్లించే పెడతారు. దాదాపు రెండు వందల ప్లేట్ల వెనకలు... రెండు వందల ముద్రలు... మిట్టమధ్యాహ్నపు ఎండలో!

"అన్నా, మాట్లాడొద్దు! నోరు మూసుకో!"

ఆలస్యం! ఫోన్‌లో దూరంగా ఆడ గొంతు.

"శేషయ్య గారూ, ఈ ప్లేట్లు కూడా మీరు తయారు చేసినవేనా?"

"మావే మేడమ్! ఈడ్నే, మా మిషన్ల మీద్నే! పేరుండాది చూడండి!"

"చూశాను. తేదీ కూడా ఉంది. పక్కన ఉన్న ముద్ర కూడా చూశాను. మేము సుంకం వేసిన కంపెనీల్లో మొదటి పేరు అదే. ఇప్పుడు మీరు చెప్పిన మాట రాసుకుంటున్నాం. సంతకం పెట్టండి."



తర్వాత శేషయ్య గొంతు. గొంతు కాదు, ఎలుక కీచు.

"ఓబులేసూ... దాన్ని అరగదీయలేదా రా?"

"కరెంటు దండగన్నావు కదన్నా."

లైన్ కట్!

ఓబులేసు తల తిప్పుతాడు. కృపమ్మ ఖాళీ సంచిని మడత పెడుతోంది. నింపాదిగా. నాలుగు మడతలు.

"ఆ ప్లేట్లను చూడంగానే గుర్తుపట్టేటోడు ఫ్యాక్టరీలో నువ్వొక్కనివే నాయనా. అన్నం టైముకు నువ్వు ఆడుండగూడదు. అందుకే బజార్లో అరిస్తి."

ఆటో స్టార్టవుతుంది. ఎక్కి కూర్చుంటుంది. కూర్చుని, కాలువ వైపు చెయ్యి చూపిస్తుంది.

"అది చర్చి ప్లేటు. ఆదివారం విందు ఉండాది. దిగి తెచ్చియ్యి."