అత్తగారి ఎడమ భుజం

"సాయంత్రానికి దుకాణం మూసెయ్యాల్సిందే!" అంటూ అన్నయ్య కొత్త తాళంకప్ప తెచ్చి గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెట్టాడు. "విడాకులు తీసుకున్నదాని చేత బట్టలెవరు కుట్టించుకుంటారే? మూడు నెలలుగా చూస్తున్నాంగా! మా ఇంటికొచ్చి వదినకి సాయంగా ఉండు."

ఆమె మిషను ఆపలేదు. అన్నయ్య మాటలో అబద్ధం లేదు... కోర్టు కాగితం చేతికొచ్చిన వారంలోనే వీధిలో ఆడవాళ్లు ఇచ్చిన గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు. కానీ చేతిలో పనిని ఎవరు పట్టుకుపోగలరు!

"సాయంత్రం కావాలిగా అన్నయ్యా," అంది నిబ్బరంగా.

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. దిగింది ఎవరో కాదు, ఆమెను వదిలేసినవాడి తల్లి! ముఖం కందగడ్డలా ఉంది. వీధిలో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. "దానికి సర్దుకుపోవడం చేతకాదు" అని ఇంటింటికీ చెప్పింది ఈవిడే మరి!

"ఏమే! జాకెట్టు ఎడమపక్క జారిపోతోందని ముగ్గురు దర్జీలను తిట్టిపోశాను. నాలుగోవాడు అద్దం ముందు నిలబెట్టి, జాకెట్టు బాగానే ఉందమ్మా, మీ భుజమే కిందికుంది అన్నాడు! నిజమేనా?"

ఆమె తల దించుకుంది. "అర అంగుళం అత్తయ్యా... మీ జాకెట్లకి ఆ పక్క లోపల గుడ్డ మడతపెట్టి కుట్టేదాన్ని."

"ఎన్నాళ్లు?"

"పన్నెండేళ్లు."

"ఒక్కనాడూ చెప్పలేదేం?"

"చెబితే, అద్దం చూసుకున్నప్పుడల్లా మీకు ఆ భుజమే కనిపిస్తుంది కదా..."

పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "నా లోపం నాకే తెలియకుండా దాచావు... నేనేమో నీలో లేని తప్పులు ఊరంతా పంచిపెట్టాను కదే తల్లీ!"

"మీకూ దీనికీ ఇంకా ఏం సంబంధమండీ?" అన్నాడు అన్నయ్య.

"విడాకులు వాళ్లిద్దరికీ నాయనా! నాకెవరిచ్చారు? మళ్లీ కాపురానికి రమ్మని అడగను. నా కొడుకు సంగతి నాకు తెలుసు." ఆవిడ చరచరా వాకిట్లోకి నడిచింది. "ఏమమ్మా, అక్కడినుంచి ఏం కనబడుతుంది? దగ్గరకొచ్చి నా భుజం చూడండి! ఇన్నేళ్లలో ఒక్కరైనా కనిపెట్టారా? సర్దుకుపోవడం చేతకానిది నా కోడలు కాదు... నేను!"

ఎదురింటావిడ తల దించుకుని లోపలికి వెళ్లింది. మరుక్షణం, అప్పుడు వెనక్కి తీసుకున్న గుడ్డల మూటతో తిరిగి వచ్చింది!

ఆమె కళ్లు తుడుచుకుని, మెడలో టేపు సర్దుకుంది.

"అన్నయ్యా, ఆ తాళం కాస్త పక్కకి తియ్యి. గుడ్డ పరచాలి."