క్లిప్పు పెట్టిన కథ

పాలగిన్నె దించి, బట్టల తీగ మీంచి ఒక క్లిప్పు లాగి, అమ్మ దాన్ని తెచ్చి కథల పుస్తకానికి పెట్టింది. కథ చివరి రెండు పేజీలూ కలిసి క్లిప్పు నోట్లో ఇరుక్కున్నాయి. ఆ ఇంట్లో పాఠం మొదలయ్యేది అలాగే. క్లిప్పు దాకా చదవాలి, ఆగాలి, ఆ తర్వాత ఏమై ఉంటుందో తల్లీకూతుళ్ళిద్దరూ ఊహించాలి. అన్నాలయ్యాకే క్లిప్పు తీయడం.

"ఈలా, పళ్ళు తోమావా?"

"ఎప్పుడో తోమేశా. ఇవాళ ఏ కథమ్మా?"

"పడవవాడిది."

చిన్నప్పుడు ఊపిరి పీలిస్తే ఛాతీలోంచి సన్నగా ఈల వినబడేదని తండ్రి పెట్టిన ముద్దుపేరది. దుమ్ములోకీ, జనంలోకీ పంపొద్దని డాక్టరు చెప్పడంతో పిల్లని బడి మానిపించారు. లెక్కలు నేను చూసుకుంటానన్నాడు తండ్రి. కథలూ పాఠాలూ నేను చెప్పుకుంటానంది తల్లి. తను ఏడో తరగతి మధ్యలోనే ఆగిపోయిందన్న సంగతి ఆ మాటన్న తర్వాత గుర్తొచ్చి, ఆ రోజంతా ఆమె పిల్ల పుస్తకాలు తిరగేస్తూనే ఉంది. ఇప్పుడు ఆ ఈల తగ్గిపోయింది. పేరు మిగిలింది. పొద్దుటి పాఠం మిగిలింది. ఆ పాఠం కోసమే తనకి తెల్లవారుతోందని ఆమె ఎవరితోనూ అనలేదు.

ఫ్రిజ్జులు బాగుచేసే తండ్రి పనిముట్ల సంచీ సర్దుకుంటూ అన్నాడు. "ఇవాళ అక్క వస్తోంది, గుర్తుందిగా?"

"గుర్తు లేకపోవడమేం? రాత్రంతా నిద్రపడితేగా."

"అక్కేం పులి కాదే. పిల్ల చదువెలా ఉందో చూస్తుంది. బానే ఉందంటే ఇంకో ఏడాది ఇంట్లోనే. లేదంటే బడి. ఇక పంపొచ్చని డాక్టరూ అన్నాడు. నువ్వూ సరేనన్నావు."

"అన్నాను లెండి," అంది ఆమె, తుడిచిన గట్టునే మళ్ళీ తుడుస్తూ.

వదిన పెద్ద పిల్లలకి పాఠాలు చెప్పే టీచరు. మనసు మెత్తన, నోరే కాస్త కరుకు. వస్తూనే చెప్పులు విప్పి, బల్ల దగ్గర కూర్చుని పుస్తకం అందుకుంది.

"ఇదేంటమ్మాయ్, పుస్తకానికి జలుబు చేసిందా? ముక్కు నొక్కిపెట్టారు!"

ఈల కిలకిల నవ్వింది. "చివర చూడకూడదత్తా! ముందు మనమే అనుకోవాలి."

"అలాగా! ఏం కథ మరి?"

"నది మీద వంతెన కట్టేస్తారు. ఇంక పడవ ఎవరూ ఎక్కరు. అయినా పడవవాడు రోజూ పొద్దున్నే పడవ కడిగి, ఒడ్డుకి తెచ్చి కూర్చుంటాడు. అక్కడిదాకా చదివాం."

వదిన మరదలి వైపు తిరిగింది. "చివరికి ఏమవుతాడు?"

కాఫీ గ్లాసు అందివ్వబోతూ ఆమె ఆగింది. "తెలీదు వదినా. నేనూ చదవలేదు."

"చదవలేదా! కథ ఎటు పోతుందో తెలీకుండా పిల్లకి పాఠం ఎలా చెప్తున్నావమ్మా?" వదిన గొంతు పెంచలేదు. అదే ఎక్కువగా తగిలింది. "టీచరన్నాక ముందు తను చదువుకోవాలి. ఇద్దరూ కలిసి చీకట్లో తడుముకుంటే అది చదువెలా అవుతుంది?"

"అక్కా, నెమ్మదిగా..." అన్నాడు తండ్రి. పనికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఆవిణ్ణి అననివ్వండి," అంది ఆమె. గ్లాసు బల్ల మీద పెట్టింది. "నాకు తెలిసిన చదువు అదే వదినా. ఏడో తరగతిలో ఒక కథ సగంలో ఉండగా బడి మానిపించారు. అమ్మ మంచాన పడింది, చెల్లెళ్ళని చూసేవాళ్ళు లేరు. పుస్తకం బడిది, తీసేసుకున్నారు. ఆ కథలో ఒకామె ఎవరో పిలిస్తే తలుపు తీయబోతుంది. బయట ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలీదు. అంట్లు తోముతూ ఆ తలుపు ఎన్నిసార్లు తీశానో! ఒకసారి వాళ్ళ నాన్న. ఒకసారి దారి తప్పిన మనిషి. ఒకసారి ఎవరూ లేరు, గాలి. నాకు వచ్చిందల్లా అలా తీయడమే. పిల్లకి అదే నేర్పుతున్నాను."

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ తలుపు సంగతి భర్తకి కూడా తెలీదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి వదిన గొంతు వినబడింది, మెత్తగా. "సరే ఈలా, నువ్వు చెప్పు. ఎవరూ ఎక్కని పడవని వాడెందుకు కడుగుతున్నాడు?"

"వాడికి మనుషులు కావాలత్తా. పడవలో అయితే అవతలి ఒడ్డు వచ్చేదాకా కబుర్లు చెప్పుకుంటారు. వంతెన మీద ఎవరూ ఆగరుగా."

"నేనొప్పుకోను. వాడికి వేరే పని రాదు. అందుకే పట్టుకుని వేలాడుతున్నాడు."

"కాదు! పని రాకపోతే కడగడం ఎందుకూ? ఊరికే కూర్చోవచ్చుగా!"

"అలవాటమ్మా. చేతులు ఊరుకోవు."

"అలవాటైతే రెండు రోజుల్లో విసుగొస్తుంది. వాడికి రాలేదే! ఆగత్తా, ఆ వాక్యం చూపిస్తా... ఇదిగో, 'ఎవరైనా వస్తారేమోనని చాప కూడా పరిచాడు'. చూశావా? చాప ఎవరి కోసం?"

వంటింటి గుమ్మంలోంచి అమ్మ తొంగిచూసింది. పిల్ల కుర్చీలో మోకాళ్ళ మీద లేచి నిలబడి ఉంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. కళ్ళలో ఆ వెలుగు ఆమె ఎప్పుడూ చూడలేదు.

వదిన నవ్వుతూ చేతులెత్తేసింది. "ఓడిపోయానమ్మా!" మరదల్ని చూసి అంది. "మా బడిలో పెద్ద పిల్లలు కూడా ఇలా వాక్యం వెతికి చూపించరు. ఇందాక తొందరపడ్డాను, ఏమనుకోకు. ఇంకో ఏడాది నీ దగ్గరే ఉంచుకో. నేను అడ్డు చెప్పను."

ఆమె కోరుకున్న మాట అదే. కానీ అడగాల్సింది ఇంకొకటి ఉండిపోయింది.

"ఈలా, నాతో ఎప్పుడూ ఇలా వాదించవేం?"

"నువ్వు నాతో పోట్లాడవుగా అమ్మా. నేనేమన్నా అవునవునంటావు. ఎక్కడ తప్పు చెప్తావోనని భయం నీకు." పిల్ల పేజీ అంచు మడుస్తూ ఆగింది. "నాకు ఇలా చాలామందితో పోట్లాడాలని ఉంది."

అమ్మ కిటికీలోంచి వీధిలోకి చూసింది. ఎవరికోసమో చాప పరిచి, పడవ కడిగి కూర్చున్నది తనేనని ఆమెకి తెలిసింది. పిల్లని గట్టిగా దగ్గరికి లాక్కుంది. వెనక్కి తిరిగి, భర్త కళ్ళలోకి చూస్తూ అంది.

"దీన్ని బడికి పంపుదామండీ."

"నిజంగానా? ఇంట్లోనే ఉంచుకోమందిగా అక్క!"

"అందుకే. ఎవరో పంపమంటే కాదు, ఇప్పుడు నేనే పంపుతున్నాను."

ఈల క్లిప్పు మీద చెయ్యి వేసింది. "అయితే దీని చివర ఇవాళ వద్దు. నేను బడి నుంచి వచ్చిన మొదటి రోజు తీద్దాం. నువ్వు ఒక్కదానివే చూసేయకూడదు, ఒట్టు!"

బడి తెరిచిన రోజు పొద్దు ఎంతకీ కదల్లేదు. ఆమె భర్త చొక్కాలకి బొత్తాలు కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది. పాఠం వేళకి చెయ్యి దానంతటదే పుస్తకం మీదికి పోయింది. క్లిప్పు అంచుని వేలితో నిమిరి వదిలేసింది. పిల్ల కుర్చీ వంక చూసి, ఎవరూ లేని గదిలో నెమ్మదిగా అంది.

"నేనొప్పుకోను."

గొంతు పీలగా వచ్చింది. మళ్ళీ అంది, ఈసారి కాస్త గట్టిగా. తనకే నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు నిండాయి.

సాయంత్రం సంచీ ఇంకా భుజం మీదుండగానే ఈల గుమ్మంలోంచి అరిచింది. "అమ్మా! ఆ కథ నా పక్కమ్మాయికి చెప్పా. పడవవాడు పడవ అమ్మేస్తాడంది. నాకూ అలాగే అనిపిస్తోంది."

అమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, గొంతు సవరించుకుంది.

"నేనొప్పుకోను," అంది.

ఈల సంచీ జారవిడిచింది. ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. ఆ రోజు అత్తతో వాదిస్తున్నప్పటి వెలుగే ఆ కళ్ళలోకి వచ్చింది.

"ఎందుకొప్పుకోవు? చెప్పు!" అంటూ తల్లి పక్కన చేరబడింది.

క్లిప్పు తీసేసరికి చాలాసేపయింది.