మిసెస్ హార్పర్ గిన్నె

సిటీ హాల్ మూడో అంతస్తులో, జయంతి బల్లకి ఎదురుగా గోడ మీద మిల్ స్ట్రీట్ మ్యాపు ఉండేది. ఒక్కో ఇంటికి ఒక గుండుసూది. జనం ఉన్న ఇంటికి ఎర్రది, ఖాళీ అయిన ఇంటికి పసుప్పచ్చది. 1981 జనవరిలో ఆ వీధంతా ఎర్రగా ఉండేది. నవంబరుకి ఒక్క ఎర్ర సూది మిగిలింది.

ఒహాయోలో నది ఒడ్డున అది ఓ మోస్తరు ఊరు. ఉక్కు ఫ్యాక్టరీ మూతపడింది. ఊరి బయట పెద్ద మాల్ వచ్చాక డౌన్‌టౌన్ షాపులు ఒకదాని తర్వాత ఒకటి తలుపులు వేసుకున్నాయి. మిల్ స్ట్రీట్ పడగొట్టి అక్కడ హోటలు, కన్వెన్షన్ సెంటరు, కార్ల కోసం నాలుగంతస్తులు కడితే ఊరు తేరుకుంటుందని చెప్పి మేయరు గెలిచాడు. వీధి ఖాళీ అయిందని డిసెంబరు లోపల కాగితం పంపకపోతే వాషింగ్టన్ ఇస్తానన్న గ్రాంటు పోతుంది. ఆ కాగితం తయారుచేసే ఆఫీసులో జయంతి క్లర్కు. వాల్తేరులో జాగ్రఫీ చదువుకుంది. మ్యాపులంటే ఇష్టం. ఆ మ్యాపుని మాత్రం తలెత్తి చూసేది కాదు.

ఆ ఎర్ర సూది నలభై ఒకటో నంబరు ఇల్లు. మిసెస్ హార్పర్‌ది.

రెండేళ్ళపాటు జయంతి కూతురు రేణు స్కూలు బస్సు దిగింది ఆ ఇంటి ముందే. జయంతి ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్లకి పాలు, బిస్కెట్లు, హోమ్‌వర్కు, అన్నీ ఆవిడే చూసేది. డెబ్భై దాటిన మనిషి. నల్లవాళ్ళ చర్చిలో ఆదివారం వంటలు ఆవిడవే. రేణు ఆవిడని గ్రానీ అనేది.

జూన్‌లో స్కూలు మూసిన రోజున ఆవిడ ఒక గాజు గిన్నె నిండా పీచ్ కాబ్లర్, అంటే పీచ్ పళ్ళూ దాల్చినచెక్కా వేసి కాల్చే తీపి వంటకం, చేసి జయంతి చేతికిచ్చింది. గిన్నె అడుగున తెల్లటి టేపు, దాని మీద హార్పర్ అని పేరు. చర్చి విందుల్లో గిన్నెలు కలిసిపోకుండా అక్కడివాళ్ళు అలా అంటిస్తారు.

"ఇది మా అమ్మ గిన్నె, హనీ. మళ్ళీ నా దగ్గరికే రావాలి సుమా," అంది నవ్వుతూ.

ఆ వారమే ఇళ్ళు ఖాళీ చెయ్యమని మిల్ స్ట్రీట్‌కి నోటీసులు వెళ్ళాయి. నలభై ఒకటికి తీసుకెళ్ళి ఇచ్చింది జయంతే. లిస్టులో ఉన్న ఇళ్ళతో ఉద్యోగులకి రాకపోకలు ఉండకూడదన్నారు. రేణు వెళ్ళడం మానేసింది. ఆగస్టులో వాళ్ళు నది అవతల అపార్ట్‌మెంటుకి మారారు. కొత్త అడ్రసు మిసెస్ హార్పర్‌కి చెప్పనేలేదు.

గిన్నె మాత్రం జయంతి దగ్గరే ఉండిపోయింది. ఖాళీ గిన్నె తిరిగిచ్చే అలవాటు వాళ్ళ ఇంటా వంటా లేదు. ఏదో ఒకటి పెట్టి ఇవ్వాలి. పులిహోర చేద్దామనుకుంది. కరివేపాకు లేదు. న్యూజెర్సీ నుంచి ఎవరైనా వస్తే తెప్పించాలి. ఈ ఆదివారం, పై ఆదివారం. అలా అయిదు నెలలు.

"ఏమే, ఆ ముసలావిడ గిన్నె ఇంకా మీ ఇంట్లోనే ఉందా?" అనేది స్నేహితురాలు పద్మిని ఫోన్‌లో. "పులిహోరకి ముహూర్తం పెట్టించాలా ఏం? రెండు యాపిల్స్ పడేసి ఇచ్చెయ్యవే."

"బాగుండదు పద్మినీ. మంచిగా చేసి ఇవ్వాలి."

అసలు సంగతి అది కాదని ఇద్దరికీ తెలుసు. ఆ గుమ్మం ముందు నిలబడటానికి జయంతికి మొహం చెల్లలేదు.

నవంబరులో, కౌన్సిల్ ఓటింగు రోజున, ఆఫీసు పెద్ద హాలరన్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"నలభై ఒకటి పోయిన వారమే ఖాళీ చేసింది. డిట్రాయిట్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందిట. గ్యాసు, కరెంటు తీసేశారు. నువ్వెళ్ళి చూసి కార్డు మీద సంతకం పెట్టు. ఏడింటికి లిస్టు కౌన్సిల్ ముందుండాలి."

పద్ధతి ఏమిటంటే, మూడుసార్లు తలుపు తట్టాలి. తాళం తీసి లోపలికి వెళ్ళాలి. ప్రతి గదిలోనూ గట్టిగా పిలవాలి. అప్పుడు పసుప్పచ్చ కార్డు మీద 'అన్ని గదులూ చూశాను, ఎవరూ లేరు' అని రాసి, సంతకం పెట్టి, తలుపుకి మేకుతో కొట్టాలి.

అయిదున్నరకే చీకటి పడింది. వీధి లైట్లు కూడా తీసేశారు. జయంతి మూడు సిమెంటు మెట్లు ఎక్కి తలుపు తట్టింది. ఒకటి. రెండు. మూడు.

కర్టెన్లు లేవు. లోపల చీకటి. తాళం చెవి చేతిలోనే ఉంది.

అప్పుడు వాసన వచ్చింది. దాల్చినచెక్క, ఉడికిన పీచ్ పళ్ళు. వారం నుంచి గ్యాసు లేని ఇల్లు... పాత వాసనే అయుంటుంది, గోడలకి పట్టిపోయి ఉంటుంది అనుకుంది.

తర్వాత చప్పుడు. చాలా సన్నగా. గిన్నెని చెంచాతో గీకుతున్నట్టు... ఆగి... మళ్ళీ.

పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆవిడ లోపల ఉంటే? తలుపు తీస్తే ఎదురుగా ఆవిడ నిలబడి ఉంటుంది. జయంతి చేతుల్లో గిన్నె లేదు. కార్డు ఉంది, సుత్తి ఉంది.

గాలికి ఏదో ఊగుతోందిలే అనుకుంది. అన్ని గదులూ చూశాను అని రాసింది. సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం కౌన్సిల్‌లో వీధి పడగొట్టడానికి నలుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు.

పొద్దున్న ఏడింటికి మిషన్లు వచ్చాయి. తొమ్మిదింటికి హాలరన్ తన గది తలుపు మూసి జయంతిని పిలిచాడు. అతని మొహం సున్నం కొట్టినట్టుంది.

"వంటింట్లో మనిషి ఉంది," అన్నాడు. "అంతకు ముందే పోయిందో, అప్పుడే పోయిందో డాక్టరు చెప్పలేకపోతున్నాడు." లిస్టు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు లోపలికి వెళ్ళావు కదూ?"

"వెళ్ళాను."

"అన్ని గదులూ చూశావు."

అతను అడగడం లేదు. చెబుతున్నాడు.

వారం తర్వాత కౌన్సిల్ ఎంక్వైరీలో మైకు ముందు నిలబడి జయంతి ఆ మాటే మళ్ళీ అంది. అప్పుడు మిసెస్ హార్పర్ చెల్లెలు డిట్రాయిట్ నుంచి రాసిన ఉత్తరం ఎవరో చదివారు. అందులో ఒక ముక్క జయంతి చెవిలో ఉండిపోయింది. 'మా అమ్మ గిన్నె ఒకటి ఎవరి దగ్గరో ఉండిపోయింది, పండక్కి కావాలి, వాళ్ళొచ్చి ఇస్తారు అంటూ బస్సెక్కి వెనక్కి వెళ్ళింది.'

వాళ్ళొచ్చి ఇస్తారు.

ఆ ఆదివారం టెక్సస్‌లోని ప్లేనో నుంచి భర్త కృష్ణమోహన్ ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీ పోయాక అతనికి అక్కడ ఉద్యోగం దొరికింది. రేణుకి స్కూలు సంవత్సరం అయ్యేదాకా తల్లీకూతుళ్ళు ఇక్కడే.

"జయా, ఆ ఊరి రాజకీయాల్లో నువ్వు తల దూర్చకు. పైవాడు చెప్పాడు, నువ్వు చేశావు. అంతే కదా?"

"అంతేనండీ," అంది.

డిసెంబరు మధ్యలో పద్మిని కరివేపాకు తెచ్చిచ్చింది. జయంతి ఆఫీసుకి సెలవు పెట్టి, అన్నం వండి పులిహోర కలిపింది. గిన్నె నిండా సర్ది మూత పెట్టింది. రేణు స్కూలు నుంచి వచ్చే వేళ. గ్రానీ లేకపోయాక పిల్ల మెడలో తాళం చెవి వేసుకుని, తనే తలుపు తీసుకుని, ఒక్కతే కూర్చునేది. గంటలో వచ్చేస్తాను కదా అని జయంతి కారు తీసింది.

మిల్ స్ట్రీట్ అంతా చదునుగా ఉంది. మంచు. నలభై ఒకటి ఉన్నచోట మూడు సిమెంటు మెట్లు మిగిలాయి. ఎందుకో వాటిని తీయలేదు. మెట్ల పైన ఏమీ లేదు. ఆకాశం.

పై మెట్టు మీద గిన్నె పెట్టింది. వెనక్కి తిరగబోయింది.

కిర్రుమంది. చెక్క నేల మీద అడుగు.

అక్కడ నేల లేదు...

ఇంకో అడుగు. ఇంకోటి. చెప్పులు ఈడుస్తూ, మోకాళ్ళ నొప్పులున్న మనిషి నడకలా. వంటింటి వైపు నుంచి తలుపు దగ్గరికి. సరిగ్గా ఆమె మొహానికి ఎదురుగా ఆగాయి. దాల్చినచెక్క వాసన ముక్కుకి తగిలింది. దానిలో తడి మట్టి వాసన కలిసి ఉంది.

"లోపలికి రా, హనీ," అంది ఒక గొంతు, రహస్యంలా. కోపం లేదు అందులో. "ఈసారి అన్ని గదులూ చూడు..."

కారు ఎలా నడిపిందో తెలియదు.

ఇంట్లో లైట్లున్నాయి. రేణు వంటింటి బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. బల్ల మీద గాజు గిన్నె. కడిగి ఉంది. మూత పెట్టి ఉంది.

"అమ్మా, గ్రానీ వచ్చింది."

"ఎప్పుడే?"

"జస్ట్ నౌ. లోపలికి రా అన్నాను. రాలేదు. షూస్‌కి మట్టి ఉంది అంది." రేణు తల ఎత్తలేదు. "ఖాళీ గిన్నె ఇవ్వొద్దు అని లాస్ట్ ఇయర్ నేనే చెప్పాను తనకి. షీ రిమెంబర్డ్."

గిన్నె వెచ్చగా ఉంది. జయంతి మూత తీసింది.

లోపల పసుప్పచ్చ కార్డు. దాని మీద వాళ్ళ అపార్ట్‌మెంటు నంబరు. ఆ రోజు తారీకు. 'అన్ని గదులూ చూశాను, ఎవరూ లేరు.' గుండ్రటి అక్షరాలు, జయంతివే. సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంది. చూస్తూండగా ఆ కార్డు ఆమె వేళ్ళ మధ్య నుంచి జారి... కింద పడలేదు. చేతిలో లేదు. నేల మీదా లేదు.

తలుపు చప్పుడైంది.

ఒకటి.

రెండు.

మూడు.

ఉన్నాం, అందామని నోరు తెరిచింది. గొంతులోంచి గాలి కూడా రాలేదు. రేణు వైపు చూసింది. పిల్ల పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. తలుపు అవతల ఎవరో నిలబడి ఊపిరి తీస్తున్నారు... తర్వాత కార్డు మీద పెన్ను గీసుకుంటున్న చప్పుడు.

చెయ్యి ఒక్కటి కదిలింది. బల్ల మీద చెంచా దొరికింది. గిన్నె అంచుని గీకింది. బలం చాలడం లేదు. సన్నగా వచ్చింది చప్పుడు. ఆగి, మళ్ళీ గీకింది.

అప్పుడు అర్థమైంది ఆమెకి, ఆ రోజు తను విన్నది ఏమిటో.

అవతల పెన్ను ఆగింది. ఒక్క క్షణం. వింటున్నట్టుగా.

మళ్ళీ రాయడం మొదలైంది.

తర్వాత సుత్తి, ఒక్క దెబ్బ. అడుగులు మెట్లు దిగిపోయాయి. రేణు గొంతు ఉన్నట్టుండి గదిలో వినపడింది, "అమ్మా, అమ్మా" అంటూ. జయంతి తలుపు తీసింది. ఎవరూ లేరు, కార్డు లేదు. మెట్ల మీద మంచులో తనవీ రేణువీ తప్ప వేరే అడుగుల గుర్తులు లేవు. తలుపు మీద, కంటి ఎత్తున, మేకు దిగిన కొత్త రంధ్రం.

జనవరిలో కౌన్సిల్ మీటింగులో ఊరివాళ్ళు మాట్లాడే వంతు వచ్చినప్పుడు జయంతి లేచి నిలబడింది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఆమెకి అర నిమిషం చాలింది.

"నేను లోపలికి వెళ్ళలేదు. చెంచా చప్పుడు విన్నాను. విని సంతకం పెట్టాను. ఆ గిన్నె నా దగ్గరే ఉండింది."

"థాంక్యూ, మేడమ్," అన్నాడు అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటూ. "తర్వాత ఎవరు?"

ఉద్యోగం పోయింది. మార్చిలో హోటలుకి పునాది తవ్వారు. గిన్నె నిండా జీడిపప్పు మిఠాయి పెట్టి డిట్రాయిట్‌కి పంపింది. చెల్లెలు అందిందని రాసింది. ఇంకేమీ రాయలేదు.

జూన్‌లో ప్లేనో చేరారు. కొత్త ఇల్లు. పెయింటు వాసన ఇంకా పోలేదు. కృష్ణమోహన్ ట్రక్కు వెనకాల అట్టపెట్టెలు దింపుతున్నాడు. రేణు తల్లి చెయ్యి పట్టుకుని గుమ్మం ముందు నిలబడింది. ఆ తలుపు ఇంకా ఎవరూ తీయలేదు. లోపల సామాను లేదు, మనిషి లేడు.

జయంతి తాళం చెవి పెట్టబోయి ఆగింది.

లోపల, వంటింటి వైపు నుంచి, సన్నగా... గిన్నెని చెంచాతో గీకుతున్నట్టు. ఆగి... మళ్ళీ.

రేణు చెయ్యి ఆమె చేతిలో బిగుసుకుంది. పిల్లకీ వినిపిస్తోంది.

"అమ్మా," అంది రహస్యంలా. "వెళ్ళిపోదామా?"

జయంతి చెప్పులు విప్పింది. కూతుర్ని గుమ్మం బయటే ఉండమంది.

ఈసారి తాళం తీసింది.