ఎర్రబడని ముఖం

"నాకు పిచ్చి లేదు. ఉందని మా సూపర్‌వైజరు కాగితం రాసి, దాని మీద నన్నే సంతకం పెట్టమంటున్నాడు!"

తలుపు తోసుకుని వచ్చిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. ముప్పై అయిదేళ్లుంటాయి. అరచేతుల నిండా కాయలు. సరుకుల యార్డులో క్రేన్ ఆపరేటర్‌నని చెప్పింది. ఎనభై అడుగుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని ఇనుప పెట్టెలు ఎత్తి దించడం ఆమె పని.

ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌ని ఊరంతా త్రాసు అంటుంది. తూనికలు కొలతల శాఖలో ఇరవై ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా దొంగ తూకాలు పట్టుకున్నాడు. సొంతంగా ఈ పని మొదలుపెట్టాక కూడా జేబులో చిన్న త్రాసు పోలేదు, ముక్కు మీద కోపమూ పోలేదు. ఆయన సహాయకురాలు ఆసుపత్రి నుంచి రిటైరైన నర్సు. ఆమెను ఇప్పటికీ అందరూ సిస్టర్ అనే పిలుస్తారు.

"ఏం జరిగింది?" అన్నాడు త్రాసు.

"పన్నెండు రోజుల క్రితం పైన ఉండగా గుండె దడదడలాడింది. చేతులు బిగుసుకుపోయాయి. క్రేన్ లివర్ వదల్లేకపోయాను. పెట్టె మీదపడి, కింద సిగ్నల్ ఇచ్చే అన్న కాలు నుజ్జయిపోయింది. ఎల్లుండి విచారణ. భయం జబ్బు దాచి క్రేనెక్కిందని రాస్తారట. ఇక జన్మలో నాకు లైసెన్సు రాదు."

"జబ్బు ఉందా మరి?"

"ఉండేది. దాచలేదు. రక్తంలో హిస్టమిన్ తక్కువ, మిథైలేషన్ అనే రసాయన చర్య ఎక్కువ, భయం అందుకే అని ఒక డాక్టరు పరీక్ష చేసి చెప్పాడు. నియాసిన్, ఫోలిక్ యాసిడ్, బీ ట్వెల్వ్ విటమిన్లు ఇచ్చాడు. ఈ వైద్యాన్ని అందరు డాక్టర్లూ ఒప్పుకోరమ్మా, జాగ్రత్తగా గమనిస్తూ వాడదాం అని కూడా ఆయనే అన్నాడు. నాలుగు నెలల్లో మళ్లీ మనిషినయ్యాను. యార్డు డాక్టరుకి అన్నీ చూపించే పైకెక్కాను."

సిస్టర్ కళ్లజోడు సర్దుకుంది. "నియాసిన్ వేసుకుంటే ముఖం మండేదా?"

"మండడమా! అరగంటలో ఎర్రగా అయిపోయేదాన్ని. యార్డులో నన్ను టమాటా అనే పిలుస్తారు. అయిదు వారాలుగా మాత్రం ఏమీ లేదు. ఒంటికి అలవాటైపోయిందే అని అక్క చెప్పింది."

"మెల్లమెల్లగా తగ్గిందా?"

"లేదు. ఒకరోజు ఉంది, మర్నాడు లేదు. కొత్త సీసా తీసిన రోజు నుంచి."

త్రాసు లేచి చెప్పులేసుకున్నాడు.

అక్కచెల్లెళ్లిద్దరే ఉండే ఇల్లు. వంటగది అద్దంలా ఉంది. స్టవ్ పక్క గోడకి డాక్టరు రాసిచ్చిన కాగితం అంటించి ఉంది. ఎడమవైపు వేసుకోవాల్సినవి, కుడివైపు దగ్గరికి రానివ్వకూడనివి. కుడివైపు మొట్టమొదటి పేరు మెథియోనిన్, పక్కనే 'మిథైలేషన్ పెంచుతుంది, భయం తిరిగొస్తుంది' అని.

"ఎవరు అంటించారు?"

"అక్కే. మందుల సంగతంతా తనే చూస్తుంది. సీసా తెచ్చేది తనే, పొద్దున్నే చేతిలో పెట్టేది తనే. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది కూడా తనే."

త్రాసు సీసాలోంచి ఆరు క్యాప్సూళ్లు తీసి ఒక్కొక్కటే తూచాడు. పుస్తకంలో ఆరు అంకెలు రాసుకున్నాడు. ఏ రెండూ ఒకటి కావు. ఒకదాని పెంకు విప్పి వాసన చూసి, ముఖం చిట్లించి సిస్టర్‌కి అందించాడు.

"ఉడికిన క్యాబేజీ," అంది సిస్టర్.

"పాత సీసా ఉందా?"

"పారేశాం. ఆగండి..." టమాటా తన భోజనం సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీసింది. "ఇంట్లో మర్చిపోయిన రోజు పనికొస్తాయని పాతవి రెండు దాచుకున్నా."

అప్పుడే అక్క వచ్చింది. పని కోటు మీద తెల్లటి పొడి. సిస్టర్ రెండుసార్లు తుమ్మింది.

"కోళ్ల దాణా మిల్లులో తూకం పనమ్మా నాది. ఎంత దులిపినా ఇంతే," అని అక్క కోటు విప్పి పెరటిలో వేసి వచ్చింది. చెల్లెల్ని చూడగానే తువ్వాలు తడిపి నుదుటి మీద అద్దింది. "పన్నెండు రోజులుగా సరిగ్గా తిండి లేదు. దీన్ని ఇంకా ఊరేగిస్తారేంటండీ? వేరే ఇల్లు తీసుకుంటానని ఎగిరింది. ఈ ఒంటితో ఒక్కతే ఎలా బతుకుతుందో ఆ దేవుడికే తెలియాలి."

"అక్కా, వదులు," అంది టమాటా.

ఆ సీసా అమ్మిన మందుల షాపు కాంపౌండర్ క్యాప్సూళ్లలో సొంతంగా పొడి నింపి అమ్ముతాడు. బరువుల్లో తేడా ఉందనగానే మండిపడ్డాడు. "నాది మిషనండీ! కావాలంటే వంద తూచండి. ఒక్కటి తేడా వస్తే షాపుకి తాళం వేస్తా." త్రాసు నిజంగానే వంద తూచాడు. అన్నీ దాదాపు ఒకే బరువు.

యార్డు సూపర్‌వైజరు ఇంకా మండిపడ్డాడు. "ఆ సీటు నా బావమరిదికి ఇప్పించాలనే నేను ఇదంతా చేశాననా మీ అనుమానం? అవును, వాడికి ఇప్పించాలనే ఉంది. అంతమాత్రాన మనిషి కాలు విరగ్గొడతానా?"

"మీ సంగతి రేపు చెప్తాను. పదకొండుకి టమాటా ఇంటికి రండి," అన్నాడు త్రాసు.

మర్నాడు పదకొండుకి టమాటా ఇంటి ముందుగదిలో అక్కచెల్లెళ్లు, కాంపౌండర్, సూపర్‌వైజరు నలుగురూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

"నిన్న సాయంత్రం కొత్త సీసాలోది ఒకటి సిస్టర్ మింగింది. నేను వద్దంటున్నా వినలేదు," అన్నాడు త్రాసు. "ముఖం ఎర్రబడనే లేదు, రాత్రి హాయిగా నిద్రపోయింది. రేకు డబ్బాలోది ఇరవై నిమిషాల క్రితం వేసుకుంది. ఒకసారి ఆవిడ ముఖం చూడండి."

అందరూ తిరిగి చూశారు. సిస్టర్ చెవుల నుంచి మెడ దాకా కందిపోయి ఉంది. "ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుంది. మీరు త్వరగా కానివ్వండి సార్," అంది గోక్కుంటూ.

"డబ్బాలోది నియాసిన్. సీసాలోది కాదు. పొద్దున్నే ల్యాబులో తేల్చారు. అది మెథియోనిన్, ఆ క్యాబేజీ వాసన దానిదే. ఈమె దగ్గరికి రానివ్వకూడదని వంటగది గోడ మీద రాసి ఉన్నదే."

కాంపౌండర్ లేచాడు. "నేను నింపలేదు!"

"కూర్చోండి. మిషన్ నింపినవి సమానంగా ఉంటాయి. ఇవి చేత్తో, చెంచాతో నింపినవి. అంటే షాపు దాటాక ఎవరో పెంకులు విప్పి, పొడి మార్చి, మళ్లీ మూశారు. సూపర్‌వైజరు గారు ఈ ఇంటి గడప తొక్కడం ఇవాళే మొదలు. సీసా షాపు నుంచి తెచ్చింది ఒక్కరే. దగ్గరికి రానివ్వకూడని మందు పేరు గోడకి అంటించుకుని రోజూ చదివింది ఒక్కరే. ముఖం ఎర్రబడటం ఆగిపోతే, అలవాటైపోయిందని సర్దిచెప్పిందీ ఒక్కరే."

అక్క ఒళ్లో తువ్వాలు నలుపుతోంది.

"మెథియోనిన్ కోళ్ల దాణాలో కలుపుతారు. మీ మిల్లులో బస్తాలకి బస్తాలున్నాయి. వాటి మీద కూడా అదే పేరు. మీరు అక్కడ తూకం మనిషి కదమ్మా? బస్తాలు తూచే చెయ్యి. గుప్పెడు అటూ ఇటూ అయితే కోళ్లు ఫిర్యాదు చెయ్యవు. నా త్రాసు చేస్తుంది."

టమాటా అక్క వైపే చూస్తోంది. "కాదని చెప్పక్కా."

అక్క తువ్వాలు మడత పెట్టింది, మళ్లీ విప్పింది. "చంపడానికి కాదే," అంది చివరికి. "కాస్త భయం తిరిగొస్తే ఇల్లు మారే ఊసెత్తవనుకున్నా. పదేళ్లు నీకు భయం వచ్చిన ప్రతి రాత్రీ నీ మంచం పక్కనే కూర్చున్నా. నువ్వు బాగైపోయి పెట్టె సర్దుకుంటుంటే... నేనేమైపోవాలి?"

త్రాసు బల్ల మీద చరిచాడు. రేకు డబ్బా ఎగిరి కిందపడింది. "ఎనభై అడుగుల పైన కూర్చునే మనిషికి భయం కలిపి పెట్టావా! కింద నిలబడేవాళ్లు గుర్తుకు రాలేదా? ఆ పొడి వల్లే చేతులు బిగుసుకున్నాయా, విటమిన్లు నిజంగా ఆ జబ్బు తగ్గించాయా, అవి డాక్టర్లు కొట్టుకుని తేల్చుకుంటారు. నమ్మి నోరు తెరిచిన మనిషికి చెప్పకుండా ఇంకోటి మింగించావు. అది నేను తేల్చాను. పోలీసులు బయట ఉన్నారు."

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "ఆ కాగితం చింపేస్తానమ్మా. విచారణలో ఉన్నదున్నట్టు నేనే చెప్తాను. డాక్టర్లు సరేనన్న రోజు నీ సీటు నీదే."

"సిగ్నల్ అన్న కాలో?" అంది టమాటా.

ఆమె ముఖం, మెడ, చెవులు జేవురించాయి. అయిదు వారాల తర్వాత మళ్లీ ఆ ఎరుపు. అక్క అలవాటు కొద్దీ లేచింది. తడి తువ్వాలు పట్టుకుని చెల్లెలి నుదుటి మీదకి చెయ్యి చాచింది.

టమాటా ఆ మణికట్టు పట్టుకుని ఆపింది. లివర్ పట్టుకునే చెయ్యి. ఈసారి బిగుసుకుపోలేదు.

"ఇది మాత్ర వల్ల వచ్చింది కాదక్కా," అంది. "తువ్వాలుతో పోదు."