కాఫీకి ముందు చెప్పాల్సిన మాట

సుహైబ్ క్లాసులో చర్చ జరుగుతోందంటే జోర్డాన్‌లోని ఇర్బిద్ ఊళ్ళో సగం మందికి తెలిసిపోయేది. కిటికీలు తెరిచే ఉంటాయి మరి.

ఆ రోజు తొమ్మిదో తరగతి జాగ్రఫీలో అంశం నీటి కొరత. పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టి, "చర్చించండి" అనేసి, గోడకి ఆనుకుని తృప్తిగా నవ్వుకుంటున్నాడు సుహైబ్. బెంచీలు గుండ్రంగా తిప్పితే అది ఆధునిక విద్య అని ఆ స్కూల్ ప్రిన్సిపాల్ గారి నమ్మకం. ఎక్కువ ఫీజు కూడా ఆ గుండ్రానికే.

పక్క క్లాసు నుంచి సైన్స్ టీచర్ దీమా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సుహైబ్ సార్, ఇక్కడ ఏం జరుగుతోందో అడగొచ్చా?"

"చర్చ."

"దేని మీద?"

"నీటి కొరత."

దీమా దగ్గర్లో ఉన్న గ్రూపు వైపు వంగి కాసేపు వింది. "వీళ్ళు మన్సఫ్ మాంసంలో పెరుగు పులుసు చిక్కగా ఉండాలా, పల్చగా ఉండాలా అని కొట్టుకుంటున్నారు."

"పల్చగా చెయ్యాలంటే నీళ్ళు కావాలి కదా మేడం."

దీమా నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవడం మాత్రం సుహైబ్ చూశాడు.

"చర్చించండి అనడం, బస్సెక్కండి అనడం లాంటిది సార్. ఎక్కడికో చెప్పాలిగా." మార్కర్ తీసుకుని బోర్డు మీద రాసింది. *వీధికి వారానికి ఒక్కసారే నీళ్ళొస్తే ముందు ఎవరికివ్వాలి? బేకరీకా, ఆసుపత్రికా, తోటలకా? బెల్లు కొట్టేలోపు ఒక నిర్ణయం, దానికి కారణాలు.* తర్వాత పిల్లల వైపు తిరిగింది. "ఒకరు రాయండి. ఒకరు టైము చూడండి. నోరు విప్పని వాళ్ళని అడిగే పని ఒకరిది."

క్లాసు గొంతు తగ్గింది. ఏడాదంతా నోరు మెదపని ఆఖరి బెంచీ పిల్ల లేచి బేకరీ తరఫున లాయర్‌లా వాదించింది.

సుహైబ్‌కి పరువు పోయింది. అదే నిమిషంలో మనసూ పోయింది. తనని ఇంత పద్ధతిగా ఎవరూ అవమానించలేదు.

ఆ తర్వాత చలికాలమంతా స్టాఫ్ రూములో, హీటర్ పక్కన, సేజ్ ఆకు టీ తాగుతూ దీమాని సందేహాలు అడిగాడు. చర్చకి లక్ష్యం ఎలా పెట్టాలి, పిల్లలు పక్కదారి పడితే ఎలా వెనక్కి లాగాలి. బయట వాన. అడిగిన సందేహమే మళ్ళీ అడిగేవాడు. ఆవిడ చెప్పిన జవాబే మళ్ళీ చెప్పేది. ఇద్దరికీ గుర్తుండేది కాదు, పాపం.

ఒక రోజు దీమా కప్పు పక్కన పెట్టింది.

"సార్, రోజూ ఇలా మాట్లాడుకుంటున్నాం. దీని లక్ష్యం ఏంటి?"

"అదే... అభిప్రాయాలు పంచుకోవడం."

"దాన్ని కాలక్షేపం అంటారు. ఈ శనివారం మా నాన్న బంధువులు సంబంధం అడగడానికి అమ్మాన్ నుంచి వస్తున్నారు. అబ్బాయికి మందుల షాపు. ముందు ఎవరడిగితే వాళ్ళకి సరే అనే మనిషి మా నాన్న. కాదనాలంటే మొహమాటం. ఆ మొహమాటంతోనే మా ఇంట్లో మూడు వాక్యూమ్ క్లీనర్లున్నాయి."

"మరి నువ్వు... మీరు ఏమంటారు?"

"శుక్రవారం మేం ఇంట్లోనే ఉంటాం అంటాను."

సుహైబ్‌కి తండ్రి లేడు. కాబట్టి శుక్రవారం జాహా, అంటే పిల్లనడగడానికి వెళ్ళే పెద్దల బృందం, పెదనాన్న అబూ ఖల్దూన్ నాయకత్వంలో బయల్దేరింది. కారులో సుహైబ్ మెల్లిగా అన్నాడు.

"పెదనాన్నా, ముందు విషయం చెప్పేస్తే..."

"నాకు నేర్పుతావురా? నేను కుదిర్చిన పెళ్ళిళ్ళకి పుట్టిన పిల్లల్ని పోగేస్తే నీ స్కూలు చాలదు."

నిజానికి ఆయన చెయ్యాల్సింది చిన్న పని. ముందు ఆయనకే చేదు కాఫీ ఇస్తారు. తాగకూడదు. కప్పు ఎదురుగా పెట్టి, వచ్చిన పని చెప్పాలి. "తాగండి, మీరడిగింది ఇచ్చాం" అని పిల్ల తండ్రి అన్నాకే కాఫీ గొంతు దిగాలి. ముందే తాగేస్తే, అడగడానికేం లేదు, ఊరికే చూసిపోదామని వచ్చామని అర్థం.

దీమా తండ్రి అబూ నిదాల్, రిటైరైన బ్యాంకు ఆఫీసరు, అందర్నీ కూర్చోబెట్టి క్షేమసమాచారాలు అడిగాడు. తర్వాత మాటల్లో ఒక పొరపాటు మాట అన్నాడు.

"ఈ ఏడాది ఆలివ్ నూనె అజ్లూన్ నుంచి తెప్పించాం."

"అజ్లూన్‌దా?" అన్నాడు అబూ ఖల్దూన్, చావు కబురు విన్నట్టు. "మా ఊరి నూనె ఎప్పుడూ రుచి చూడలేదా?"

అంతే. గది రెండు ముక్కలైంది. ఒకాయన గానుగ గురించి, ఒకాయన డబ్బా గురించి, ఇంకొకాయన తన కొలెస్ట్రాల్ గురించి. ఎవరూ వినట్లేదు. సుహైబ్‌కి ఈ దృశ్యం ఎక్కడో చూసినట్టే ఉంది. బెంచీలు లేవుగానీ, ఇది తన క్లాసే.

కాఫీ వచ్చింది. అబూ ఖల్దూన్ కప్పు అందుకున్నాడు, మాట ఆపలేదు.

"అసలైన నూనె గొంతులో చురుక్కుమంటూ దిగాలయ్యా. ఇదుగో, ఇలా."

కాఫీ గొంతులోకి దింపి చూపించాడు.

గది చల్లబడిపోయింది. ఖాళీ కప్పులోకి చూసుకున్న అబూ ఖల్దూన్ మీసం కొంచెం కిందికి వాలింది. మర్చిపోయానంటే పరువు తక్కువ. తాగాక అడిగితే ఇంకా తక్కువ. పరువు పోవడం కంటే పెళ్ళి పోవడం నయమని, పైకి ఒక్క మాటా అనుకోకుండానే, ఇరుపక్షాల పెద్దలూ ఒప్పేసుకున్నారు. ఆ రోజు కుదిరిన మొదటి ఒప్పందం అదే.

"మంచిది," అన్నాడు అబూ నిదాల్ మర్యాదగా. "నూనె సంగతి చెప్తున్నారు..."

మళ్ళీ నూనె మొదలైంది. పెళ్ళికొడుకు జాహాలో మాట్లాడకూడదు. అయినా సుహైబ్ లేచాడు.

"పెదనాన్నా..."

"కూర్చో."

కూర్చున్నాడు. రేపు శనివారం. ఎవరో సాయంత్రపు అసర్ నమాజుకి టైమైందన్నారు. ఇద్దరు పెద్దలు అప్పుడే బూట్ల కోసం కాళ్ళతో వెతుకుతున్నారు.

లోపలి తలుపు తెరుచుకుంది. కాఫీ పాత్ర పట్టుకుని దీమా వచ్చింది. ఇలాంటప్పుడు పెళ్ళికూతురు మగవాళ్ళ గదిలోకి రావడం ఆ గదిలో ఎవరూ ఎరగరు. తిన్నగా అబూ ఖల్దూన్ దగ్గరికి నడిచి, కప్పు నింపి, చేతికివ్వకుండా ఎదురుగా ఉన్న బల్ల మీద పెట్టింది.

"మామయ్యగారూ, ఇది తాగడానికి కాదండీ."

"ఇదేంటమ్మా దీమా?" అన్నాడు అబూ నిదాల్.

"నూనె సంగతి ఇవాళ తేలేలా లేదు నాన్నా. వీళ్ళు ఇంకేమైనా మాట్లాడాలని వచ్చారేమోనని."

గొంతు ఎప్పటిలా స్థిరంగానే ఉంది. కానీ పాత్ర మూత టకటక కొట్టుకుంటోంది.

అబూ ఖల్దూన్ కప్పు వైపు చూశాడు. ఆ అమ్మాయి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. తన జీవితంలోకెల్లా పొట్టి ఉపన్యాసం ఇచ్చాడు.

"అబూ నిదాల్, మా సుహైబ్‌కి మీ అమ్మాయిని అడగడానికి వచ్చాం. మధ్యలో దారి తప్పాను."

బూట్లు వెతికే కాళ్ళు ఆగిపోయాయి. కూతురి చేతిలో కొట్టుకుంటున్న మూతకేసి చూశాడు అబూ నిదాల్.

"అడిగింది మీరు. పోసింది మా పిల్ల. ఇంక మధ్యలో నేనెవర్ని? తాగండి, మీరడిగింది ఇచ్చాం."

లోపలి గదిలో ఆడవాళ్ళ సంతోషపు ఉలూలు కేక హోరెత్తింది. తలుపుకి చెవులు ఆనించి ఉంటే తప్ప అంత తొందరగా రాదు.

ఆ సందట్లో అబూ నిదాల్ కూతురి దగ్గరికి వంగాడు. ఆయన మొహంలో మళ్ళీ మొహమాటం.

"రేపు అమ్మాన్ వాళ్ళొస్తే ఏం చెప్పనే?"

"కాఫీ అయిపోయిందని చెప్పండి నాన్నా," అంది దీమా.

పాత్రలో మిగిలింది మిగిలినట్టు సుహైబ్ కప్పులోకి వంచేసింది.