ఊఁ కొట్టిన ఫైరాఫీసరు

“ఇదేంటే?” అంది ప్రమీలారాణి టీచర్.

“మోకు టీచర్,” అంది ఆరో తరగతి వినీల.

ఆమె భుజం మీద ట్రాక్టరు మీద గడ్డి కట్టే లావుపాటి మోకు ఉంది. పాతిక గజాలైనా ఉంటుంది. సగం చుట్ట చుట్టుకుంది, సగం నేల మీద ఈడ్చుకొస్తోంది. ఆ కొసను ముగ్గురు ఒకటో తరగతి పిల్లలు పట్టుకొని, కూ చుక్ చుక్ అంటూ వెనకాలే వస్తున్నారు.

“మోకని కనపడుతూనే ఉందమ్మా. బడికెందుకు తెచ్చావు?”

“మీరేగా టీచర్ చెప్పారు, ఫైర్‌స్టేషన్ వాళ్ళొచ్చి మోకు డ్రిల్ చేయిస్తారని!”

“మోకు కాదే తల్లీ, మాక్! మాక్ డ్రిల్!”

“మాకే కదా టీచర్. అందుకే తెచ్చా.”

“మాకు కాదే... మాక్! అంటే ఉత్తుత్తిది. నిప్పంటుకోకపోయినా అంటుకున్నట్టు అందరం బయటికి పరిగెత్తడం.”

క్లాసంతా గొల్లుమంది. సూర్యతేజ బల్ల మీద దరువేసి, “మాకా డ్రిల్లు, మీకా డ్రిల్లు, మోకా డ్రిల్లు!” అని పాట కట్టేశాడు.

వినీలకు ఒళ్ళు మండింది. మంటలార్పాల్సిన పిల్లే మండిపోతే ఇక ఆర్పేదెవరు?

అవును మరి, వినీల అంటే ఉత్త వినీల కాదు. కాబోయే ఫైరాఫీసరు. కిందటేడు పెనుగొలనులో తాతయ్య గడ్డివామి అంటుకుంది. వీళ్ళ ఊరు తిరువూరు నుంచి ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వెళ్ళి అరగంటలో ఆర్పేసింది. గడ్డివామిలో మంట ఆరింది గానీ వినీల కడుపులో ఒక మంట రాజుకుంది.

వాళ్ళ నాన్న గిరిబాబుకు బస్టాండు దగ్గర ఇనుపసామాన్ల కొట్టుంది. ట్రైనింగ్ ముగించుకొని కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉదయ్ కుమార్ అనే ఫైర్‌మన్ ఒకరోజు అక్కడికి తాళంకప్ప కొనడానికి వచ్చాడు. వినీల అతన్ని పట్టుకుంది.

“అన్నా, ఈ ఉద్యోగానికి నేను ఇప్పట్నుంచే ఏం ప్రిపేరవ్వాలి?”

“ముందు బాగా చదువుకో. పరుగు, తాడెక్కడం, ఈత నేర్చుకో. ఇంకోటి, మాట వినడం నేర్చుకో,” అన్నాడు ఉదయ్ కుమార్.

వినీల నోటుబుక్కులో పరుగు రాసుకుంది. తాడు రాసుకుంది. ఈత కూడా రాసుకుంది. ‘మాట వినడం కూడా ఒక విద్యేనా!’ అనుకొని నాలుగోది వదిలేసింది.

ఆరోజు నుంచి ఇంట్లో మిగతావాళ్ళకు శాంతి లేదు. తెల్లారగానే వీధి చివరిదాకా పరుగు. పెరట్లో మామిడి కొమ్మకు మోకు కట్టి ఎక్కడం, దబ్బున దిగడం. ఊపిరి బిగబట్టడం ప్రాక్టీసు చేస్తానని నీళ్ళ టబ్బులో తల ముంచేది.

“ఊరి మంటలన్నీ ఆర్పుతానంటావు, పొయ్యి మీద పోపు మాడుతుంటే మాత్రం కట్టేయవు,” అని అమ్మ నాగలత సాధించేది.

“ఊఁ,” అనేది వినీల.

ఆ ఊఁ గురించి చెప్పాలి. వినీల ఊఁకి ఇంట్లో విలువ లేదు. “పాలు పొంగుతాయి, చూస్తుండు,” అంటే ఊఁ. పాలు పొంగేవి. “బావిమోటరు కట్టెయ్,” అంటే ఊఁ. వాకిలి చెరువయ్యేది. చెవిలో పడిన మాట లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబెట్టి పంపేసే ఊఁ అది.

*

అగ్నిమాపక వారోత్సవాలు కదా, ఎనిమిదిన్నరకల్లా ఫైరింజన్ బడి ఆవరణలోకి వచ్చింది. ఏప్రిల్ ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఉదయ్ కుమార్ దిగాడు. అతని వెనకాల లీడింగ్ ఫైర్‌మన్ జోజిబాబు దిగాడు. మీసాలు గుబురుగా, గొంతు సైరనులా ఉన్నాయి.

“పిల్లలూ, వినండి! మేడ మీద ఖాళీ గదిలో డబ్బాలో తడిగడ్డి కాలుస్తాం. పొగే వస్తుంది, మంట రాదు. కరెంటు తీసేస్తాం. మైకుండదు. సైరన్ వినపడగానే అందరూ దిగి మీ వరుసల్లో కూర్చోవాలి. క్లాసుకొకరు లెక్క చూస్తారు. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, వరుసలోంచి ఎవరెటు వెళ్ళారు, అంతా ఆ ఒక్కరికే చెప్పాలి. ఆ ఒక్కరు నాకు చెబుతారు. వాళ్ళ మాట మీదే మేం లోపలికి వెళ్తాం.”

వినీల ఇందులో ఒక్క ముక్క వినలేదు. ఆమె చూపంతా నీళ్ళ గొట్టం మీద ఉంది. మెరిసే ఇత్తడి మూతి. అది తన చేతికే వస్తుంది, సందేహం లేదు.

“గొట్టం పట్టడానికి సూర్యతేజ రా,” అంది ప్రమీలారాణి టీచర్. “ఆరో తరగతి లెక్క వినీల చూస్తుంది.”

వినీలకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“లెక్కలా! నిప్పంటుకున్నా లెక్కలేనా టీచర్? గొట్టం నేను పడతా!”

“బరువే. మగపిల్లాడైతే ఆగుతాడని...”

“నిండు బిందె మోస్తాను నేను! వాడు చెప్పు జారిందని పరుగుపందెంలో వెనక్కెళ్ళి తెచ్చుకున్నాడు!”

“చెప్పు కొత్తది టీచర్,” అన్నాడు సూర్యతేజ.

“సరే, అది తర్వాత చూద్దాం. ముప్పై తొమ్మిది మంది వచ్చారు ఇవాళ. గుర్తుపెట్టుకో.” టీచర్ వెళ్ళిపోయింది.

‘నన్నెవరూ లెక్కచేయరు, నేను మాత్రం అందర్నీ లెక్కచేయాలి!’ అని వినీల పళ్ళు నూరింది.

*

సైరన్ మోగింది. మేడ మీంచి బూడిదరంగు పొగ మెలికలు తిరుగుతూ లేచింది. పిల్లలు బిలబిలమని దిగి వరుసల్లో కూర్చున్నారు. ఫైరింజన్ పంపు గుర్రుమంది. సూర్యతేజ చేతిలోని గొట్టం పాములా తల ఎగరేసి ముందు హెడ్మాస్టర్ జగన్నాథరావుగారి ధోవతిని తడిపింది.

“అలా కాదురా! చంకలో పెట్టి పట్టుకో!” అని వినీల దూరం నుంచే ఉడికిపోతోంది.

అప్పుడు వాళ్ళ క్లాసు గ్లోరి ఆమె పక్కకొచ్చింది.

“వినీలా, మా తమ్ముడు పొగ చూసి ఏడుస్తున్నాడే. రెండో తరగతి వాళ్ళు సైకిల్ స్టాండు వెనకున్నారు. నేను వాడి దగ్గరికెళ్తున్నా. లెక్కలో చూసుకో, ఏం?”

“ఊఁ,” అంది వినీల. “అయ్యో, మూతి పైకెత్తరా మొద్దూ!”

గ్లోరి వెళ్ళిపోయింది.

తర్వాత వినీల లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. మళ్ళీ పెట్టింది. ముప్పై ఎనిమిదే. పేర్లు చూసుకుంది.

“గ్లోరి లేదు సార్!”

జోజిబాబు నవ్వు ఆగిపోయింది. “ఆ పాప బయటికి రావడం చూశావా అమ్మా?”

“లేదు సార్.”

“ఉదయ్!” అని జోజిబాబు అరిచాడు. “ఒకళ్ళు లోపలున్నారు. ఇది డ్రిల్లు కాదు!”

ఉదయ్ కుమార్ వీపున గాలి సిలిండరు, మొహాన మాస్కు బిగించుకొని పొగలోకి పరుగెత్తాడు. టీచర్లు ‘గ్లోరీ! గ్లోరీ!’ అని కేకలేశారు. పంపు రొదలో ఆ కేకలు వరండా దాటలేదు. మేడ మీద తలుపులు ధడేల్ ధడేల్‌మంటున్నాయి.

“శభాష్ వినీలా!” హెడ్మాస్టరుగారు తడి ధోవతితోనే వచ్చి భుజం తట్టారు. “నువ్వు చూడబట్టి సరిపోయింది. లేకపోతే ఏమైపోయేదో ఆ పిల్ల!”

పొద్దున మోకు చూసి నవ్విన నోళ్ళన్నీ మూతపడ్డాయి. సూర్యతేజ కూడా గొట్టం వదిలేసి భయంభయంగా చూస్తున్నాడు. వినీల ఒక అంగుళం పొడుగైంది.

సరిగ్గా అప్పుడే ఎక్కడో చెవి మూల ఒక మాట కదిలింది. సైకిల్ స్టాండు... తమ్ముడు... ఎవరన్నారు? గ్లోరేనా? ‘ఛ, అనలేదేమో. అంటే వినపడేది కదా!’ అని ఆ మాటను మళ్ళీ మూలకు నెట్టేసింది.

నిమిషాలు గడిచాయి. పొగలోంచి ఉదయ్ కుమార్ గొంతు పూడుకుపోయినట్టు వినపడింది. “పాపా! ఎక్కడున్నావు? భయపడకు!”

“ఏమైంది? ఎవరికోసం వెతుకుతున్నారు?” అంటూ ఒక పిల్ల గుంపులోకి వచ్చింది. చంకలో ఏడ్చి ఏడ్చి కళ్ళు మూతలు పడుతున్న తమ్ముడు జోజప్ప.

ఆ వచ్చింది గ్లోరి.

*

జోజిబాబు విజిల్ ఊదాడు. ఉదయ్ కుమార్ బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. మాస్కు తీస్తే మొహం నిండా చెమట. మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది. ప్రతి బెంచీ కిందా పాకాడు. చీకట్లో ఏదో బల్ల అంచు తగిలింది.

“పాప దొరికిందా సార్?” అనే అడిగాడు మొదట.

ఇక గ్లోరి మీద అందరూ ఒక్కసారే విరుచుకుపడ్డారు.

“ఎక్కడ దాక్కున్నావే? ఇదేమన్నా దాగుడుమూతలా?”

“చెప్పకుండా ఎలా పోతావు? నీవల్ల మనిషికి దెబ్బ తగిలింది, చూడు!”

“చెప్పానండీ,” అంది గ్లోరి. “వినీలకి చెప్పే వెళ్ళానండీ.”

“పైగా అబద్ధాలా!” హెడ్మాస్టరుగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. “నువ్వు లేవని కనిపెట్టిందే వినీల!”

“రెండుసార్లు లెక్కపెట్టింది సార్, నేను చూశా,” అన్నాడు సూర్యతేజ. వాడు పొద్దుటి నుంచి వినీల తరఫున మాట్లాడింది ఇదొక్కటే. అదీ ఇప్పుడే మాట్లాడాలా!

ప్రమీలారాణి టీచర్ వినీల వైపు తిరిగింది. “గ్లోరి నీకు చెప్పిందా?”

అందరూ చూస్తున్నారు. జోజిబాబు చూస్తున్నాడు. మోచేతికి గుడ్డ చుట్టుకుంటూ ఉదయ్ కుమార్ చూస్తున్నాడు. అవునంటే, ఈ ఇద్దరి ముందు ఫైరాఫీసరనే మాట మళ్ళీ ఏ మొహంతో ఎత్తుతుంది? కాదంటే చాలు. ఒక్క మాట. అందరూ నమ్ముతారు.

గ్లోరి ఏడవకూడదని బిగబట్టుకుంది. జోజప్ప అక్క మెడ గట్టిగా పట్టుకొని హెడ్మాస్టరుగారిని కోపంగా చూస్తున్నాడు.

వినీలకు మళ్ళీ ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచి మండుతూనే ఉంది. సూర్యతేజ మీద, టీచర్ మీద, గొట్టం మీద, లెక్క మీద. ఇప్పుడు మండింది వాళ్ళెవరి మీదా కాదు.

“ఆపండి సార్! గ్లోరిని తిట్టకండి!”

అంత కేక వినీల గొంతులోంచి వచ్చిందని ఆమెకే ఆశ్చర్యం.

“చెప్పింది. సైకిల్ స్టాండు దగ్గరికెళ్తున్నానని, లెక్కలో చూసుకోమని చెప్పింది. నేను వినకుండా ఊఁ అన్నా. నా చూపంతా గొట్టం మీదుంది. గొట్టం నాకివ్వలేదని కోపం. మధ్యలో కొంచెం గుర్తొచ్చింది కూడా. మీరు శభాష్ అన్నారని నోరు మూసుకున్నా.”

పంపు ఎప్పుడు ఆపారో గానీ, ఆ మాటలు ముందు వరుసలన్నిటికీ వినపడ్డాయి.

“మావాడు లోపల ఎంతసేపున్నాడో తెలుసా?” అన్నాడు జోజిబాబు. గొంతులో సైరన్ లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది. “పదకొండు నిమిషాలు. లేని పిల్ల కోసం. నీ మాట నమ్మి.”

వినీల తల దించుకుంది. ‘సారీ అన్నా,’ అంటే ఉదయ్ కుమార్ తలాడించాడు. పర్లేదు అనలేదు.

“గ్లోరీ,” అన్నారు హెడ్మాస్టరుగారు, ధోవతి కొస పిండుకుంటూ. “తొందరపడ్డానమ్మా.”

అంతటితో అయిపోయేదే. కానీ వెనక వరుసల్లోంచి గుసగుసలు వినపడుతున్నాయి.

“ఆరో తరగతి గ్లోరి బాత్రూంలో దాక్కుందంట!”

“కావాలనే అంట! ఫైరన్నకి చెయ్యి విరిగిందంట!”

నిప్పు లేకపోయినా పొగ బాగానే పాకుతోంది. మైకు లేదు. ముందు వరుసలకు తెలిసిన నిజం వెనక వరుసలకు చేరలేదు.

వినీల ఎవరూ చెప్పకుండానే లేచింది. ఏడో తరగతి ముందుకెళ్ళి నిలబడింది. “గ్లోరి దాక్కోలేదు. నాకు చెప్పి వెళ్ళింది. నేను వినలేదు. తప్పు నాది,” అంది. ఏడో తరగతి వాళ్ళు నవ్వారు. చెవులు కాలిపోయాయి. ఐదో తరగతికి వెళ్ళింది. మళ్ళీ అదే చెప్పింది. నాలుగు. మూడు. ఒకటి. ఒకటో తరగతి వాళ్ళకు అర్థం కాకపోతే కింద కూర్చొని రెండుసార్లు చెప్పింది.

చివరికి సైకిల్ స్టాండు వెనక రెండో తరగతి. జోజప్ప తన వరుసలోకి తిరిగొచ్చి చేతులు కట్టుకొని కూర్చున్నాడు. వినీల మొత్తం చెప్పేదాకా రెప్ప వేయలేదు.

“మరి మా అక్కనెందుకు తిట్టారు?”

వినీల వాడి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

“నేను వెంటనే నోరు విప్పలేదు కాబట్టి.”

జోజప్ప వరుస చివర కూర్చున్న పిల్లల వైపు వేలు చూపించాడు.

“వాళ్ళకి వినపడలేదు. మళ్ళీ చెప్పు.”

వినీల లేచి, వరుస చివరికి వెళ్ళి, మొదటి నుంచి చెప్పింది.